మళ్ళీ పనికి పనికొస్తాడా? గాయపడ్డ కార్మికుడి చుట్టూ నూరేళ్ళ వాదం

ప్రెస్ మిషను కింద నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నవాడు, సెంట్రింగ్ మీద నుంచి జారి నడుం విరిగినవాడు, గనిలో పైకప్పు కూలి మోకాలు నుజ్జయినవాడు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు ఈ ముగ్గురినీ అడిగే ప్రశ్న ఒక్కటే: మళ్ళీ పని చేయగలవా? దానికి డాక్టరు ఒక జవాబు రాస్తాడు, బీమా కంపెనీ వకీలు ఇంకో జవాబు చెబుతాడు, యజమాని మూడో జవాబుతో గేటు దగ్గరే ఆపేస్తాడు. చట్టం వచ్చి నూరేళ్ళు దాటింది. తీర్పులు గుట్టగా పేరుకున్నాయి. అయినా చిక్కు విడలేదు.

ఆ చిక్కులో నిజానికి మూడు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఒంట్లో ఏం పోయింది? ఆ ఒంటితో ఇకమీదట ఎంత సంపాదించగలడు? అతన్ని తిరిగి తీసుకునే చోటు ఉందా? మొదటిది వైద్యుడు చెప్పాల్సింది, రెండోది న్యాయస్థానం తేల్చాల్సింది, మూడోది యజమాని బాధ్యతకు సంబంధించింది. మూడింటికీ కలిపి ఒకే అంకె వేయమని డాక్టరు చేతికి కలం ఇస్తున్నాం. మన దగ్గరి వివాదాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతున్నాయి.

1923 చట్టం అడిగిన ప్రశ్న

కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. 2010లో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి రావడంతో అది అందులో కలిసిపోయింది. పేర్లు మారినా లెక్క కట్టే పద్ధతి దాదాపు పాతదే కాబట్టి పాత వివాదాలూ వెంటే వచ్చాయి.

చట్టం వైకల్యాన్ని తాత్కాలికం, శాశ్వతం అనీ, పాక్షికం, సంపూర్ణం అనీ విడదీసింది. చాలామంది దృష్టికి రాని ఒక తేడా ఈ నిర్వచనాల్లోనే దాగుంది. పాక్షిక వైకల్యం తాత్కాలికమైతే, ప్రమాదం నాటికి చేస్తున్న ఆ ఒక్క పనిలో సంపాదన శక్తి ఎంత తగ్గిందో చూడాలి. అదే శాశ్వతమైతే, అప్పటికి అతను చేయగలిగిన ప్రతి పనిలోనూ ఎంత తగ్గిందో చూడాలి. ఇక ప్రమాదం నాటికి చేయగలిగిన పనులన్నిటికీ మనిషిని దూరం చేస్తే అది సంపూర్ణ వైకల్యం. ‘చేయగలిగిన పనులు’ అన్న ఈ మాటను ఎంత వెడల్పుగా చదవాలి? వడ్రంగి పని పోయినవాడు వాచ్‌మన్‌గా కూర్చోగలడు కదా అని బీమా కంపెనీ అంటుంది. అతను బతుకంతా నేర్చింది వడ్రంగమే కదా అని కార్మికుడి తరఫు వకీలు అంటాడు. నూరేళ్ళ వాదం ఈ రెండు మాటల మధ్యే నడుస్తోంది.

ఈ మాటల వెనుక ఎంత డబ్బు ఉందో చూస్తే తగాదా తీవ్రత అర్థమవుతుంది. సంపూర్ణ శాశ్వత వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. లెక్కలోకి తీసుకునే వేతనానికి 2020 జనవరిలో పెట్టిన పరిమితి 15,000 రూపాయలు. ముప్పై ఏళ్ళవాడికి గుణకం 207.98. అంటే నూరు శాతం వేస్తే 18,71,820 రూపాయలు వస్తాయి. అదే మనిషికి 30 శాతం వేస్తే 5,61,546. ఒక డాక్టరు, పరిహారం తేల్చే ఒక కమిషనర్ వేసే అంకె ఆ ఇంటికి పదమూడు లక్షల తేడా తెస్తుంది. ‘ఎంత పర్సంటేజీ వేశారు?’ అన్నదే కార్మికులు ఒకరినొకరు మొదట అడిగే మాట కావడం అందుకే.

పట్టికను నమ్మేవాళ్ళు

ఈ శాతం ఎలా వేయాలన్నదానిపై మొదటి వర్గం వాదన సూటిగా ఉంటుంది. చట్టానికి జతచేసిన షెడ్యూలులో ఏ అవయవం పోతే ఎంత శాతమో రాసి ఉంది. బొటనవేలు పోతే 30, ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే 50, చెయ్యి మణికట్టు దాకా పోతే 60, భుజం కీలు దగ్గర తీసేస్తే 90. షెడ్యూలులో లేని గాయమైతే అర్హత గల వైద్యుడు ఆ పట్టికను దృష్టిలో పెట్టుకుని సంపాదన శక్తి ఎంత తగ్గిందో అంచనా వేయాలి.

ఈ పద్ధతికి ఉన్న బలాన్ని తీసిపారేయలేం. పట్టిక ఎవరి మొహమూ చూడదు. జీడిమెట్లలోని కార్మికుడికీ విశాఖలోని కార్మికుడికీ ఒకే లెక్క. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివాడికి కూడా ఎంతో కొంత ఖాయంగా వస్తుంది, అదీ త్వరగా వస్తుంది. ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) నడిచేదీ ఇంచుమించు ఈ దారిలోనే. 1948 చట్టం కింద 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైన ఈ పథకంలో, నెలకు 21,000 రూపాయల దాకా వేతనం ఉన్నవాళ్ళకు కోలుకునేదాకా వేతనంలో 90 శాతం చొప్పున భృతి వస్తుంది. శాశ్వత నష్టాన్ని మెడికల్ బోర్డు తేలుస్తుంది. దాని మీద అప్పీలుకు వెళ్ళొచ్చు. బోర్డు ఒకసారి శాతం ఖరారు చేశాక, కార్మికుడు అదే ఫ్యాక్టరీలో అదే జీతానికి చేరినా ఆ నెలసరి భృతి ఆగదు. పనిలోకి వెళ్తే పరిహారం పోతుందన్న భయం అక్కడ లేదు. మన చట్టాల్లో ఇది అరుదైన మేలు, దానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

పట్టికకు చేతకానిది ఒకటుంది. అది అవయవాన్ని కొలుస్తుంది కానీ ఆ అవయవంతో మనిషి చేసే పనిని కొలవదు. చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం. లెక్కలు రాసేవాడికి ఆ పద్నాలుగూ ఎక్కువే కావచ్చు. మగ్గం మీద పోగులు అతికేవాడికి ఆ వేలే జీవనాధారం.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో గందరగోళం తోడైంది. పింఛను కోసం సదరం క్యాంపులో ఇచ్చే వైకల్య శాతం వేరు, పరిహారం కోసం చూడాల్సిన సంపాదన శక్తి నష్టం వేరు. సదరం సర్టిఫికెట్లో 40 శాతం ఉందా లేదా అన్నది ప్రభుత్వ పథకానికి ముఖ్యం. ఆ కాగితాన్నే కమిషనర్ ముందు పెట్టి, ఇంతే నష్టమని ఒక పక్షమూ, ఇంత నష్టమని రెండో పక్షమూ వాదించుకోవడం కనిపిస్తూనే ఉంటుంది. రెండూ శాతాలే కావడంతో ఒకదాన్ని ఇంకోటిగా పొరబడుతున్నారు.

వడ్రంగి చెయ్యి, గుమాస్తా చెయ్యి

రెండో వర్గానికి పునాది 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలు అలంకరణ పని చేస్తూ 1968లో ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చేతిని మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది 70 శాతం. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతనికి పోయింది నూటికి నూరు శాతమన్న కమిషనర్ నిర్ణయాన్ని కోర్టు నిలబెట్టింది. పరిహారం ఎప్పటినుంచి బాకీ అన్న తగాదాకు కూడా అక్కడే సమాధానం దొరికింది: ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే.

2008లో ఒక ట్యాంకర్ డ్రైవర్ విషయంలోనూ ఇదే దారి తొక్కారు. అతని కుడికాలు మోకాలి దాకా పోయింది. కమిషనర్ నూరు శాతం వేస్తే హైకోర్టు 65కు తగ్గించింది. సుప్రీంకోర్టు వడ్రంగి తీర్పును గుర్తుచేసి నూరు శాతాన్నే పునరుద్ధరించింది. 2010 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఈ ఆలోచనకు వివరమైన పద్ధతి ఏర్పడింది. ఆ తీర్పు చెప్పిన వరస ఇది: ముందు శాశ్వత వైకల్యం ఉందో లేదో చూడాలి. ఉంటే ఒక అవయవానికి వేసిన శాతాన్ని మొత్తం శరీరానికి వేసినట్టు పొరబడకూడదు. తర్వాత ఆ మనిషి వృత్తి, వయసు చూసి, ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు అని ఆరా తీయాలి. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో అంతా పోయినట్టే. అదే చెయ్యి పోయినా ప్రభుత్వ గుమాస్తాకు జీతంలో నష్టం లేకపోవచ్చు. డాక్టరు శరీర నష్టం చెప్పాలి, సంపాదన నష్టం తేల్చాల్సింది ట్రిబ్యునలే. చికిత్స చేయకుండానే సర్టిఫికెట్లు రాసిచ్చే డాక్టర్ల సాక్ష్యాన్ని యథాలాపంగా ఒప్పుకోవద్దని కూడా ఆ తీర్పు హెచ్చరించింది.

అయితే సుప్రీంకోర్టు ఎప్పుడూ ఒకవైపే మొగ్గలేదు. 2007లో, కారణం చూపకుండా నూరు శాతం వేసిన ఒక హైకోర్టు తీర్పును కొట్టేసింది. డాక్టరు పనితీరు నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుని అంకె చెప్పాక, దాన్ని పక్కనపెట్టాలంటే ఆధారం చూపాలంది. 2016లో మరో కేసులో, వాస్తవాల విషయంలో కమిషనర్ మాటే ఆఖరిదనీ, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటే తప్ప హైకోర్టు శాతాలను తిరగతోడకూడదనీ చెప్పింది. వీటిని పక్కపక్కన పెట్టి చదివితే పైకి కనిపించినంత వైరుధ్యం లేదు. పని మారితే శాతం మారుతుంది, కానీ మార్చేవాడు ఎందుకు మార్చాడో రాయాలి. ఈ సమీక్షకు కనిపించిన లోపం సిద్ధాంతంలో లేదు, అది అమలయ్యే తీరులో ఉంది. పని స్వభావం గురించి సాక్ష్యం తెచ్చేవాళ్ళే తక్కువ. మగ్గం నేతగాడి వేళ్ళు రోజుకెన్ని గంటలు ఏం చేస్తాయో ఎవరూ ఫైల్లోకి ఎక్కించకపోతే కమిషనర్‌కు చివరికి మిగిలేది డాక్టరు వేసిన అంకె ఒక్కటే.

బజారులో పలికే శ్రమ

మూడో ఆలోచన బ్రిటన్‌ది, మనకు చట్టంతోపాటే వారసత్వంగా వచ్చింది. 1912లో ప్రభువుల సభ ముందుకు ఒక విచిత్రమైన కేసు వచ్చింది. ఒక కార్మికుడికి ముందునుంచే ఒక కంటికి చూపు లేదు, కానీ చూసేవాళ్ళకు అది తెలిసేది కాదు. పనిలో దెబ్బ తగిలి ఆ కంటినే తీసేశారు. లేని చూపు పోవడానికి ఏమీ లేదు, పనిచేసే శక్తి అంతే ఉంది. అయినా ఒక కన్ను లేదని మొహం మీద కనిపిస్తుండేసరికి ఎవరూ పని ఇవ్వలేదు. శ్రమకు బజారులో గిరాకీ లేకుండా పోవడం కూడా అశక్తతే అని సభ తేల్చింది. అంతకుముందు ఏడాదే అప్పీలు కోర్టు ఇంకో సూత్రం చెప్పింది: మామూలు పనులకు ఒదగక, ఎక్కడో ఒక ప్రత్యేకమైన చోట మాత్రమే ఇమడగలిగేంత శక్తే మిగిలితే, అలాంటి పని దొరుకుతుందని చూపించాల్సిన భారం యజమానిదే.

ఈ చివరి సూత్రం మన చర్చల్లో దాదాపు మరుగున పడింది, దాన్ని మరిచిపోవడం న్యాయం కాదు. ‘వాచ్‌మన్ పని చేసుకోవచ్చు’ అనడం తేలిక. ఏ ఊళ్ళో, ఎంత జీతానికి, ఎవరు ఇస్తారు? ఆ ప్రశ్న కూడా అడిగితే సగం తగాదాలు వేరే దారిలో నడుస్తాయి.

బ్రిటన్ మాత్రం 1946 చట్టంతో ఈ దారిని వదిలేసింది. అదే వయసున్న ఆరోగ్యవంతుడితో పోల్చి శరీర సామర్థ్యం ఎంత పోయిందో మాత్రమే కొలిచే పద్ధతికి 1948 నుంచి మారింది. బజారును కొలవబోతే కోర్టుల్లో ఏళ్ళూపూళ్ళూ పడుతుందన్నది కారణాల్లో ఒకటి. మనం వదులుకోవాలనుకుంటున్న పట్టికకే వాళ్ళు వెళ్ళారు, మనం మోయలేకపోతున్న బజారు లెక్కను వాళ్ళు దించుకున్నారు.

డబ్బు సరే, పని ఏది?

ఇప్పటిదాకా చెప్పిన వాదాలన్నీ పరిహారం ఎంత అన్నదాని చుట్టూ తిరిగాయి. నాలుగో వర్గం డబ్బు లెక్కతో సరిపెట్టుకోదు, మనిషిని తిరిగి తీసుకోవాల్సిందే అంటుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దీనికి ఎదురుగా ఉండేది. దీర్ఘకాలిక అనారోగ్యం కారణంగా తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంటుగా (పరిహారమిచ్చి చేసే తొలగింపుగా) చూడనక్కర్లేదని ఆ నిర్వచనంలోనే ఉండేది. 1990ల మొదట్లో రాజస్థాన్ ఆర్టీసీ డ్రైవర్ల చూపు మందగించిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కాదనలేదు. కానీ బస్సు నడిపీ నడిపీ చూపు పోగొట్టుకున్నవాడిని ఉత్తచేతులతో పంపడం అన్యాయమంటూ వేరే పని ఇవ్వమంది. పని లేకపోతే మిగిలిన సర్వీసును బట్టి అదనపు పరిహారం చెల్లించమంది.

1995 వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను దీన్ని హక్కుగా మార్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. పోస్టు లేకపోతే ప్రత్యేకంగా సృష్టించాలి. కాలు పోయిన ఒక భద్రతా దళ ఉద్యోగి విషయంలో 2003లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా అమలు చేయించింది. 2016 చట్టంలో ఇదే రక్షణ 20వ సెక్షనుగా కొనసాగింది.

ఆర్టీసీ డిపోల్లో ఈ సెక్షను ఎంత ప్రాణప్రదమో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో దారి చూపింది. రంగులు పోల్చుకోలేడని అతన్ని ఇంటికి పంపారు, 1995 చట్టం నిర్వచనంలోకి అది రాదన్నారు. చట్టంలో లేకపోయినా 1979లో యాజమాన్యానికీ కార్మిక సంఘాలకూ కుదిరిన ఒప్పందం ఉందనీ, అది కట్టుబడాల్సిందేననీ, వేరే పనికోసం నిజంగా వెతకకుండా ఇంటికి పంపడం చెల్లదనీ కోర్టు చెప్పింది. ఒక పాత ఒప్పందం నలభై ఆరేళ్ళ తర్వాత ఒక ఇంటిని నిలబెట్టింది. సంఘం బలంగా ఉన్నచోట ఒప్పందం ఎంత పని చేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

కానీ 47వ సెక్షనైనా 20వ సెక్షనైనా ప్రభుత్వ సంస్థల గోడ దాటి బయటికి రావు. ప్రైవేటు ఫ్యాక్టరీలో చెయ్యి పోయినవాడిని తిరిగి తీసుకోమని చెప్పే సూటి నిబంధన మన చట్టాల్లో లేదు. ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షను భృతి అందుకునే కాలంలో ఉద్యోగంలోంచి తీసేయకుండా అడ్డుకునేది. ఆ కాలం దాటాక దానికి పట్టు ఉండేది కాదు.

సింగరేణిలో తిరగబడ్డ వాదం

మామూలుగా కార్మికుడు ‘చేయలేను’ అంటే కంపెనీ ‘చేయగలవు’ అనేది పరిహారం తగ్గించుకోవడానికి. ఆర్టీసీలో కార్మికుడు ‘చేయగలను’ అంటాడు, సంస్థ ‘లేవు’ అంటుంది. సింగరేణిలో మూడో రకం తగాదా ఉంది. అక్కడ ‘అన్‌ఫిట్’ అన్న మాట కోసమే కార్మికులు ఎదురుచూస్తారు. ఎందుకంటే బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల ప్రకారం పనికి శాశ్వతంగా అశక్తుడైనవాడి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం వస్తుంది. వయసు మీద పడ్డవాళ్ళు స్వచ్ఛందంగా తప్పుకుని వారసులకు ఉద్యోగం ఇప్పించే పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఇక మిగిలిన దారి మెడికల్ బోర్డే. కొత్తగూడెం బోర్డు తేల్చే ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’, ‘సర్ఫేస్ పనికి ఫిట్’ అన్న మాటల మీద కుటుంబాల భవిష్యత్తు ఆధారపడింది. దళారులను నమ్మవద్దని యాజమాన్యమే ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది.

భూగర్భంలో ముప్పై ఏళ్ళు చేసి మోకాళ్ళు అరిగినవాడు తన కొడుక్కి పని కోరుకోవడంలో తప్పు వెతకనక్కర్లేదు. ఒక వైద్య నిర్ణయానికి ఉద్యోగం కట్టిపెడితే ఆ నిర్ణయం వైద్యంగా మిగలదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. పరిహారం కట్టిపెట్టినా అంతే. ఒకే డాక్టరు ఒకే మోకాలిని చూసి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ రాసేలా ఏర్పాట్లే తోస్తున్నాయి.

జర్మనీ పెట్టిన వరస

బయటి దేశాల్లో జర్మనీ అనుభవం మనకు ఎక్కువ పనికొస్తుంది. 1884లో మొదలైన అక్కడి ప్రమాద బీమా, వైకల్యాన్ని మొత్తం ఉద్యోగ విపణిని దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తుంది. కనీసం 20 శాతం ఉంటే పింఛను వస్తుంది, తిరిగి పనిలో చేరినా పోదు. అసలు విశేషం పింఛను కన్నా ముందు పునరావాసం అన్న నియమంలో ఉంది. చికిత్స, కొత్త పనిలో శిక్షణ, రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి క్రమంగా పూర్తి పనికి చేరడం, అన్నిటినీ ఆ బీమా సంస్థలే చూసుకుంటాయి. 2004 నుంచి, ఏడాదిలో ఆరు వారాలకు మించి పనికి రాలేకపోయిన ప్రతి ఉద్యోగితో కూర్చుని ఎలా తిరిగి తీసుకోవాలో మాట్లాడాల్సిన బాధ్యత యజమానిది. బ్రిటన్‌లో 2010 నుంచి ‘పనికి తగడు’ అన్న పాత చీటీ స్థానంలో ‘ఫలానా మార్పులు చేస్తే పనికి తగవచ్చు’ అని రాసే వీలున్న చీటీ వచ్చింది. చిన్న మార్పే, కానీ ఫిట్, అన్‌ఫిట్ మధ్య ఒక గడి ఏర్పడింది.

మన దగ్గర ‘లైట్ డ్యూటీ’ అన్న మాట ఉంది. దానికి చట్టంలో అర్థం, గడువు, జీతం ఏవీ లేవు. సూపర్‌వైజర్ దయ ఉంటే దొరుకుతుంది.

ఇంకా తేలనివి

అదే జీతానికి తిరిగి తీసుకుంటే సంపాదన శక్తి నష్టం లేనట్టేనా? తీర్పుల మొగ్గు ‘కాదు’ వైపే ఉంది. ఇవాళ్టి యజమాని దయ రేపు ఉండకపోవచ్చు, అక్కడ మానేస్తే బయట అతని శ్రమకు ఆ ధర పలకదు. అయినా నష్టం లేదన్న వాదనను బీమా కంపెనీలు మానలేదు.

గాయం ఎప్పుడు స్థిరపడినట్టు? తాత్కాలిక వైకల్యానికి పదిహేను రోజులకోసారి నెల వేతనంలో 25 శాతం చొప్పున గరిష్ఠంగా ఐదేళ్ళ దాకా రావచ్చు. మధ్యలో ‘కోలుకున్నాడు’ అన్న డాక్టరు కాగితంతో దాన్ని తగ్గించమనో ఆపమనో కోరవచ్చు. యజమాని ఖర్చుతో పరీక్షకు పిలిస్తే కార్మికుడు వెళ్ళాలి, వెళ్ళకపోతే హక్కు తాత్కాలికంగా ఆగిపోతుంది. రెండు పక్షాల డాక్టర్లూ చెరొకటి చెబితే, ఇద్దరికీ సంబంధం లేని మూడో వైద్యుల బృందం దగ్గరికి పంపే ఖచ్చితమైన ఏర్పాటు ఈఎస్‌ఐ బయట లేదు. ఇది వెంటనే సరిచేయదగిన లోటు.

ఎక్స్‌రేలో కనిపించని నొప్పి, ప్రమాదం తర్వాత మిషను చప్పుడు వింటేనే వణికే మనసు, వీటి గురించి షెడ్యూలులో ఒక్క మాట లేదు. కనిపించనిదాన్ని నమ్మితే దొంగ క్లెయిములు పెరుగుతాయని యజమానుల భయం. నమ్మకపోతే నిజంగా బాధపడేవాడు అబద్ధాలకోరుగా మిగులుతాడు.

అన్నిటికన్నా బరువైనది కాంట్రాక్టు కార్మికుడి సంగతి. పరిహారం వరకు చట్టం స్పష్టంగానే ఉంది: కాంట్రాక్టర్ కింద పనిచేసినా అసలు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. తిరిగి పనిలో పెట్టుకోవాల్సింది ఎవరన్నదానికి మాత్రం జవాబు లేదు. శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో వచ్చి పాశమైలారం షెడ్డులో ఆర్నెల్లు పనిచేసినవాడికి చెయ్యి దెబ్బతింటే, కుట్లు విప్పేసరికి ఆ కాంట్రాక్టు ముగిసి ఉంటుంది. అతను కావాలంటున్న లైట్ డ్యూటీ ఏ గేటు దగ్గర అడగాలో కొత్త స్మృతి కూడా చెప్పలేదు.